గులాబీ రిబ్బను వెనక రూపాయి ఎటు పోతుంది?

అక్టోబరు రొమ్ము క్యాన్సర్ అవగాహన నెల. ఆ రోజుల్లో విశాఖలో గులాబీ రంగు మూడు చోట్ల ఎదురుపడుతుంది. ఆర్కే బీచ్‌లో తెల్లవారకముందే మొదలయ్యే పరుగులో టీషర్టుల మీద. ద్వారకానగర్‌లోనో మద్దిలపాలెంలోనో బిల్లింగ్ కౌంటర్ దగ్గర, ‘క్యాన్సర్ పేషెంట్ల కోసం మూడు రూపాయలు కలపమంటారా మేడమ్’ అనే ప్రశ్నలో. కిరాణా కొట్టులో, ‘ప్రతి కొనుగోలుతో ఒక రూపాయి క్యాన్సర్ రోగులకు’ అని అచ్చువేసిన ప్యాకెట్టు మీద. చూడటానికి మూడూ ఒకే మంచిపనిలా ఉంటాయి. డబ్బు మాత్రం మూడు వేరువేరు జేబుల్లోంచి వస్తుంది, వేరువేరు ఖాతాల్లో పడుతుంది. చట్టం కూడా మూడింటినీ ఒకే కంటితో చూడదు.

ఈ తేడా స్పష్టంగా లేకపోవడంతో చర్చ రెండు మాటల దగ్గర ఆగిపోతోంది. ‘ఇదంతా వ్యాపార ఎత్తుగడ’ అని కొట్టిపారేసేవాళ్లు ఒకవైపు, ‘ఎలా ఇస్తేనేం, పేషెంటుకు అందుతోంది కదా’ అనేవాళ్లు ఇంకోవైపు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కంపెనీ మనసులో ఏముందో బయటివాళ్లు తేల్చలేరు. తేల్చగలిగినవి వేరే ఉన్నాయి: ఎవరి డబ్బు, ఎంత, ఎప్పటివరకు, ఎవరికి, దానికి బదులుగా ఆ సేవాసంస్థ ఏమిచ్చింది. నైతికమైన చిక్కు ఎక్కువసార్లు ఆ చివరి ప్రశ్న దగ్గరే ఉంటుంది.

దానం, సీఎస్ఆర్, స్పాన్సర్‌షిప్, కాజ్ మార్కెటింగ్: ఏది ఏమిటి

కంపెనీ చెక్కు ఇచ్చి బదులుగా ఏమీ అడగకపోతే అది దానం. సీఎస్ఆర్, అంటే కంపెనీల సామాజిక బాధ్యత, చట్టం తప్పనిసరి చేసినది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్ల రూపాయలు, టర్నోవరు 1000 కోట్లు, నికర లాభం 5 కోట్లు - వీటిలో ఏ ఒక్కదాన్ని చేరినా ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలి. 2014 ఏప్రిల్ 1 నుంచి ఇది అమల్లో ఉంది. స్పాన్సర్‌షిప్ అంటే ఒక కార్యక్రమానికి డబ్బిచ్చి, వేదిక మీదా టీషర్టు మీదా తన పేరు వేయించుకోవడం. సరుకు అమ్మకానికే విరాళాన్ని ముడిపెట్టడం కాజ్ మార్కెటింగ్: మీరు కొంటే మేం ఇస్తాం.

ఈ నాలుగింటి మధ్య గోడలు ఉన్నాయి. సరుకుకో సేవకో మార్కెటింగ్ లాభం రావాలని స్పాన్సర్‌షిప్ పద్ధతిలో చేసే పనులు సీఎస్ఆర్ లెక్కలోకి రావని 2021లో సవరించిన నిబంధనలు చెబుతున్నాయి. మారథాన్లు, అవార్డులు, టీవీ కార్యక్రమాల స్పాన్సర్‌షిప్ లాంటి ఒక్కసారి ఖర్చులూ అందులోకి రావని కంపెనీ వ్యవహారాల శాఖ 2014లోనే సర్క్యులర్ ఇచ్చింది. పన్ను దగ్గరా తేడా ఉంది. సీఎస్ఆర్ ఖర్చును వ్యాపార ఖర్చుగా చూపించి లాభంలోంచి తీసేసుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. ప్రకటనల ఖర్చుకు ఒప్పుకుంటుంది. కాబట్టి ప్యాకెట్టు మీది రూపాయి చాలావరకు మార్కెటింగ్ విభాగం బడ్జెట్లోంచి వస్తుంది. అందులో తప్పేమీ లేదు. దాన్నే మళ్లీ వార్షిక నివేదికలో సీఎస్ఆర్ అని చూపిస్తేనే పేచీ.

ఈ పద్ధతికి పేరు తెచ్చింది 1983లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్. స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ మరమ్మతులకు కార్డు వాడిన ప్రతిసారీ ఒక సెంటు, కొత్త కార్డు తీసుకుంటే ఒక డాలరు ఇస్తామంది. 17 లక్షల డాలర్లు పోగయ్యాయి, కార్డు వాడకమూ పావు వంతుకు పైగా పెరిగింది. దాతృత్వం అమ్మకాలను పెంచుతుందని రుజువైంది కాబట్టే ఆరోగ్య సంస్థల తలుపులు కంపెనీలు తట్టడం ఎక్కువైంది.

నూనె ప్యాకెట్టు లెక్క

అర్థం కావడానికి ఒక ఊహా కంపెనీని తీసుకుందాం. లీటరు వంటనూనె ప్యాకెట్టు 160 రూపాయలు. అక్టోబరు 1 నుంచి డిసెంబరు 31 వరకు ప్రతి ప్యాకెట్టు మీద ఒక రూపాయి క్యాన్సర్ ఆస్పత్రికి. ముందువైపు ఈ మాట పెద్ద తెలుగు అక్షరాల్లో ఉంటుంది. వెనకవైపు, తయారీ తేదీ పక్కన, విరాళం పది లక్షలకు మించదన్న షరతు సన్నటి ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటుంది.

మూడు నెలల్లో 40 లక్షల ప్యాకెట్లు అమ్ముడయ్యాయనుకుందాం. రోజువారీ అమ్మకం ఒకేలా ఉంటే 92 రోజుల్లో 23వ రోజుకే పది లక్షల పరిమితి నిండిపోతుంది. అక్టోబరు 24 నుంచి కొన్నవాళ్ల వల్ల ఆస్పత్రికి అదనంగా ఒక్క పైసా వెళ్లదు. ప్యాకెట్టు మీది మాట మాత్రం అలాగే ఉంటుంది. మొత్తం మీద సగటు వేస్తే ప్యాకెట్టుకు 25 పైసలు, అంటే ధరలో 0.16 శాతం. అటువైపు, ఈ ప్రచారం లేకపోతే 36 లక్షల ప్యాకెట్లే పోయేవనీ, ప్యాకెట్టుకు పది రూపాయలు మిగులుతాయనీ అనుకుంటే, అదనంగా అమ్ముడైన 4 లక్షల ప్యాకెట్ల మీద కంపెనీకి 40 లక్షలు మిగిలాయి. ఆస్పత్రికి ఇచ్చింది పది.

కంపెనీ లాభపడటం ఇక్కడ దోషం కాదు. ఆస్పత్రికి లేని పది లక్షలు వచ్చాయి. 30 లక్షల ప్యాకెట్లు కొన్నవాళ్లకు నిజం కాని మాట చెప్పి అమ్మడం దోషం. పరిమితి పెట్టడానికి కంపెనీలు చెప్పే కారణాల్లోనూ పస ఉంది: బడ్జెట్‌కు హద్దు ఉండాలి, ప్యాకింగ్ ఫిల్ము నెలల ముందే అచ్చవుతుంది, గాజువాకలో ఏదో చిన్న కొట్టులో పాత స్టాకు ఫిబ్రవరిలో కూడా కనిపిస్తుంది. పరిమితి నిండగానే దేశమంతటా ప్యాకెట్లు మార్చడం అయ్యే పని కాదు. అలాంటప్పుడు ‘ఈ సీజన్‌లో పది లక్షలు ఇస్తున్నాం’ అని ముందువైపే అచ్చువేయడానికి అడ్డేమీ లేదు. అమ్మకాలు అంతగా పెరగకపోవచ్చు, కానీ మాట నిజమవుతుంది.

లెక్క తప్పే చోటు ఇంకొకటి ఉంది. ‘అమ్మకం’ అంటే ఏది? కంపెనీ గోదాములోంచి డిస్ట్రిబ్యూటరుకు వెళ్లడమా, కొట్టులో మనం డబ్బులివ్వడమా? తిరిగొచ్చిన సరుకును తీసేస్తారా? ఒప్పందంలో ఇది రాసుకోకపోతే, ఛార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువీకరించిన అమ్మకాల పత్రం అడిగే హక్కు ఆస్పత్రిని నడిపే ట్రస్టుకు లేకపోతే, కంపెనీ చెప్పిన అంకెను నమ్మడం తప్ప ఆస్పత్రికి వేరే దారి ఉండదు.

కొనుగోలుదారు ఇంకో పని చేస్తేనే డబ్బు కదిలే పథకాలూ ఉన్నాయి. అమెరికాలో యోప్లే పెరుగు కంపెనీ ఏళ్ల తరబడి గులాబీ మూతల ప్రచారం నడిపింది. మూత కడిగి పోస్టులో పంపితే ఒక్కోదానికి పది సెంట్లు. పది మూతలు పంపితే ఒక డాలరు. 2009లో అక్కడ మామూలు ఉత్తరం స్టాంపు 44 సెంట్లు. ఆ 44 సెంట్లూ నేరుగా ఇచ్చి ఉంటే పెరుగు తినకుండానే సాయం అందేదని విమర్శకులు చూపించారు.

మన దగ్గర 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పది లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయగలదు. ప్రకటనలో మాట ఏ భాషలో ఉందో షరతు కూడా ఆ భాషలోనే, అదే ఫాంటులో ఉండాలని 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ముందు తెలుగు, వెనక ఇంగ్లిష్ అనే పద్ధతికి ఇది నేరుగా అడ్డు. ఇలాంటి ఫిర్యాదులకు జాతీయ హెల్ప్‌లైన్ 1915.

కౌంటర్ దగ్గర చిల్లర ఎవరిది

బిల్లు 947 రూపాయలైతే 950 చేయమంటారు. ఆ మూడు రూపాయలు పూర్తిగా కొనుగోలుదారువి, కంపెనీవి కావు. అది కంపెనీ విరాళమూ కాదు, సీఎస్ఆరూ కాదు. సీఎస్ఆర్‌లో చట్టం అడుగుతున్నది కంపెనీ తన లాభం నుంచి పెట్టే ఖర్చు. ఏడాది చివర పెద్ద చెక్కు పట్టుకుని దిగే ఫొటోలో వేల మంది చిల్లర ఉందన్న మాట కింద రాయకపోతే, ఇచ్చింది కంపెనీ అనే అందరూ అనుకుంటారు. ఇచ్చినవాళ్ల పేరు మీద రసీదు ఉండదు కాబట్టి పన్ను మినహాయింపూ ఎవరికీ రాదు.

ఆన్‌లైన్‌లో ఇది ఇంకాస్త ముదిరింది. మందుల యాప్‌లోనో టికెట్ల సైట్‌లోనో విరాళం గడిలో ముందే టిక్ పెట్టి ఉంటుంది, చూసుకోకపోతే డబ్బు కట్టేస్తాం. 2023 నవంబరు 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను తెలియకుండా దారి మళ్లించే డిజైన్లు) మార్గదర్శకాలు దీన్ని పేరుపెట్టి నిషేధించాయి. అడగకుండా బుట్టలో వస్తువులు కలిపేయడాన్ని నిర్వచిస్తూ, విరాళాలను కూడా అందులో చేర్చాయి. వద్దన్నవాళ్లకు సిగ్గు కలిగేలా మాటలు పేర్చడాన్ని వేరే తప్పుగా పెట్టాయి. ‘లేదు, నాకు పేషెంట్ల మీద జాలి లేదు’ అన్న ధోరణిలో బటన్ పెట్టడం ఈ రెండో రకం.

బీచ్ రోడ్డు పరుగులో మిగిలేదెంత

పరుగు నడపడం ఖర్చుతో కూడిన పని. ఉదాహరణకు ప్రవేశ రుసుము 500 రూపాయలు, 3000 మంది వచ్చారనుకుందాం. వసూలు 15 లక్షలు. ఒక్కొక్కరికి టీషర్టు 180, మెడల్ 70, నంబరు పట్టీ, చిప్ కలిపి 60, నీళ్లూ టిఫినూ 70 - మొత్తం 380 వేసుకుంటే 11 లక్షల 40 వేలు. వేదిక, మైకులు, బారికేడ్లు, అంబులెన్సులకు ఇంకో రెండున్నర లక్షలు. మిగిలింది లక్షా పది వేలు, అంటే మనిషికి 37 రూపాయలు. టీషర్టులు రిజిస్ట్రేషన్లు ముగియకముందే సైజుల వారీగా ఆర్డర్ చేయాలి. అంచనా వెయ్యి తప్పితే ఒక లక్షా 80 వేల సరుకు మిగిలిపోయి, ఆ లక్షా పది వేలు కూడా ఆవిరవుతాయి.

స్పాన్సర్ కంపెనీ ఐదు లక్షలు ఇచ్చి ఆ ఖర్చులు కొంత మోస్తే ఆస్పత్రికి వెళ్లేది ఆరు లక్షల పది వేలవుతుంది. ఇక్కడ కంపెనీ డబ్బు నిజంగా పనికొచ్చింది. సమస్య పోస్టరులో ఉంటుంది. ‘మీ 500 ఒక ప్రాణాన్ని కాపాడుతుంది’ అని రాసి, 37 రూపాయల సంగతి రాయకపోవడం. ఈ 500 దానం కాదు కూడా: బదులుగా టీషర్టు, మెడల్, టిఫిను అందుకున్నారు కాబట్టి అది రుసుము, పన్ను మినహాయింపు రసీదుకు నిలవదు.

ఇలాంటి కార్యక్రమాలు తరచూ ‘అవగాహన కోసం’ అంటాయి. విరాళం పుచ్చుకునేవాళ్లలో ఇంత పట్టు దొరకనిది ఇంకొకటి లేదు. అవగాహన తర్వాత పరీక్ష, అనుమానం వస్తే బయాప్సీ, ఆ తర్వాత చికిత్స. ఈ వరుసలో ఒక్కటి తెగినా ముందు చేసినదంతా వృథా. 30 నుంచి 65 ఏళ్లవాళ్లకు ఐదేళ్లకోసారి రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, నోటి పరీక్షలు చేయాలని కేంద్రం 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది. పరుగుకు వచ్చిన 3000 మందిలో ఎంతమంది ఆ పరీక్ష దాకా వెళ్లారో లెక్కపెట్టిన కార్యక్రమం అవగాహన అనే మాటను నిలబెట్టుకున్నట్టు.

సంస్థ పేరు అద్దెకిస్తే

ఇప్పటివరకు చెప్పినవి చాలావరకు అంకెల నిజాయితీ గురించి. లెక్కలన్నీ సక్రమంగా ఉన్నా మిగిలిపోయే చిక్కు ఇది. క్యాన్సర్ ఆస్పత్రి లోగో ప్యాకెట్టు మీద కనబడగానే కొనేవాళ్లకు తోచేది ‘రూపాయి వెళ్తోంది’ అని మాత్రమే కాదు, ‘డాక్టర్లు ఈ నూనె మంచిదన్నారు’ అని కూడా. ఏ డాక్టరూ ఆ మాట అని ఉండడు. ఆ నమ్మకాన్ని ఇన్నేళ్లుగా కూడబెట్టింది అక్కడ చికిత్స పొందిన రోగులు, అక్కడ పనిచేసిన నర్సులు. దాన్ని అద్దెకిచ్చే సంతకం పెట్టేది ట్రస్టు బోర్డులో నలుగురైదుగురు.

1994లో అమెరికాలో ఆర్థరైటిస్ ఫౌండేషన్ పేరుతోనే నొప్పి మాత్రలు మార్కెట్లోకి వచ్చాయి. తయారుచేసింది మెక్‌నీల్ కంపెనీ. లోపల ఉన్నవి అప్పటికే దొరుకుతున్న మామూలు నొప్పి మందులు. ప్రకటనలు మాత్రం ఫౌండేషన్ కొత్త మందు తెచ్చినట్టు వినిపించాయి. కొన్న ప్రతి డబ్బా నుంచీ వాటా వెళ్తుందన్న భావన కలిగించాయి, ఒప్పందంలో ఉన్నది అమ్మకాలతో పని లేకుండా ఏడాదికి కనీసం పది లక్షల డాలర్లు. 19 రాష్ట్రాలు పట్టుకుంటే 1996లో కంపెనీ దాదాపు 20 లక్షల డాలర్లు కట్టి పరిష్కరించుకుంది.

మరుసటి ఏడాదే ఇంకా పెద్దది జరిగింది. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ సన్‌బీమ్ కంపెనీ బీపీ మిషన్లు, థర్మామీటర్ల మీద తన ముద్ర వేయడానికి ఐదేళ్ల ఒప్పందం చేసుకుంది. అమ్మకాల మీద రాయల్టీ వస్తుంది, సరుకును పరీక్షించాలన్న షరతు మాత్రం లేదు. డాక్టర్లే తిరగబడటంతో వెనక్కి తగ్గింది. కంపెనీ కేసు వేసింది, 1998లో అసోసియేషన్ 99 లక్షల డాలర్లు ఇచ్చి వదిలించుకోవాల్సి వచ్చింది. ఒప్పందం నుంచి బయటపడే దారి ముందే రాసుకోనందుకు పడిన ఖరీదు అది.

మన దేశంలో 2008లో భారతీయ వైద్య సంఘం, అంటే ఐఎంఏ, ట్రాపికానా రసం, క్వేకర్ ఓట్స్ మీద తన లోగో వేయడానికి పెప్సికోతో మూడేళ్లకు 2.25 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుంది. 2010లో వైద్యులను నియంత్రించే భారత వైద్య మండలి ఆ సంఘం బాధ్యుల మీద చర్యకు దిగింది. కంపెనీల సరుకులకు వైద్యులు బహిరంగంగా మద్దతు ఇవ్వకూడదన్న నిబంధన 2009 డిసెంబరులో వచ్చింది. అయితే 2016 సవరణలో వైద్యుల సంఘాలను దాని పరిధి నుంచి తప్పించారు. ఒక డాక్టరు చేయకూడనిది వేలమంది డాక్టర్ల సంఘం చేయవచ్చా అన్న ప్రశ్నకు ఆ సవరణ జవాబు చెప్పలేదు, పక్కన పెట్టింది.

జబ్బుకూ సరుకుకూ పొత్తు కుదరనప్పుడు

2010లో కేఎఫ్‌సీ గులాబీ బకెట్లలో వేయించిన కోడి అమ్మి, బకెట్‌కు 50 సెంట్ల చొప్పున, రొమ్ము క్యాన్సర్ మీద పనిచేసే సూసన్ జి. కోమెన్ సంస్థకు 42 లక్షల డాలర్లకు పైగా ఇచ్చింది. ముఖ్యమైన పేచీ లెక్క దగ్గర కాదు. మెనోపాజ్ తర్వాత స్థూలకాయం రొమ్ము క్యాన్సర్ ముప్పును పెంచుతుందని తెలిసీ ఆ తిండి మీద ఆ రిబ్బనేమిటన్నదే విమర్శ. కోమెన్ జవాబు కూడా గట్టిదే: తాము ఎప్పుడూ చేరుకోలేని ఊళ్లకు, పేటలకు ఆ హోటళ్ల ద్వారా సమాచారం వెళ్లింది.

యోప్లే విషయంలో విమర్శ ఇంకో మలుపు తిరిగింది. పాల దిగుబడి పెంచే కృత్రిమ హార్మోను ఇచ్చిన ఆవుల పాలు వాడుతూ రొమ్ము క్యాన్సర్ పేరు చెప్పడం ఏమిటని బ్రెస్ట్ క్యాన్సర్ యాక్షన్ సంస్థ నిలదీసింది. 2009లో కంపెనీ ఆ పాలు మానేసింది. అమ్మకాలకు వాడుకున్న రిబ్బనే కంపెనీ మెడ మీద ఒత్తిడి కూడా అయింది.

పొగాకు దగ్గర మాత్రం బేరాలు లేవు. 2003 పొగాకు చట్టం ఐదో సెక్షను ప్రకటనలను, స్పాన్సర్‌షిప్‌ను నిషేధించింది. చక్కెర పానీయాలు, వేపుడు చిరుతిళ్లు, కాలుష్యం ఆరోపణలున్న పరిశ్రమలు - వీటి దగ్గర గీత ఎక్కడ గీయాలో చట్టం చెప్పదు. ఆ పని ట్రస్టులే చేసుకోవాలి. డబ్బిచ్చిన కంపెనీ గురించి ఆస్పత్రి గొంతు మెత్తబడటం అన్నిటికన్నా కనబడని నష్టం, ఎందుకంటే అనని మాటను ఎవరూ లెక్కపెట్టలేరు.

రిబ్బను పుట్టుకలోనే ఆ నష్టం ఉంది. 1990ల మొదట్లో అమెరికాలో షార్లెట్ హేలీ అనే పెద్దావిడ పీచ్ రంగు రిబ్బన్లు చేత్తో చేసి, ఒక కార్డుతో పంచేది. అక్కడి జాతీయ క్యాన్సర్ సంస్థ బడ్జెట్లో నివారణకు వెళ్లేది 5 శాతమేనని ఆ కార్డులో ఉండేది. 1992లో ఒక పత్రిక, ఎస్టీ లాడర్ సౌందర్య సాధనాల కంపెనీ కలిసి రిబ్బను అడిగితే, మరీ వ్యాపారమవుతుందని ఆమె ఇవ్వనంది. వాళ్లు రంగు గులాబీకి మార్చుకున్నారు. రిబ్బను ప్రపంచమంతా తిరిగింది, కార్డు మీది ప్రశ్న వెంట రాలేదు.

ఏ జబ్బుకు రిబ్బను ఉంటుంది

కంపెనీ ఎంచుకునే జబ్బుకు కొన్ని లక్షణాలు ఉంటాయి. కొనుగోలుదారు ఇంట్లో రావచ్చన్న భయం ఉండాలి, కోలుకున్నవాళ్లు వేదిక ఎక్కి మాట్లాడగలగాలి, ప్రభుత్వాన్నో పరిశ్రమనో నిలదీయాల్సిన అవసరం ఉండకూడదు. ఉద్దానం కిడ్నీ జబ్బు ఈ మూడింటిలోనూ నెగ్గదు. పాడేరు, అరకు ఏజెన్సీలో సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్త జబ్బు కూడా అంతే. వాటిని పట్టించుకున్నది ఎక్కువగా ప్రభుత్వాలే: పలాసలో కిడ్నీ పరిశోధన ఆస్పత్రి, 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్.

కిడ్నీ రోగులకు సాయం చేసేటప్పుడూ పేరు రాయడానికి వీలైన వస్తువు మీదే కంపెనీ మొగ్గు. డయాలసిస్ యంత్రం ఇస్తారు, దాని మీద స్టిక్కరు అంటిస్తారు. నాలుగు గంటల డయాలసిస్‌లో నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున దాదాపు 120 లీటర్ల శుద్ధ జలం కావాలి. దానికి ఆర్వో ప్లాంటు, ప్లాంటుకు మెంబ్రేన్లు, ప్రతి సెషన్‌కూ రక్తం వడపోసే డయలైజరు, ట్యూబులు, పక్కన టెక్నీషియన్ జీతం, వారంటీ ముగిశాక ఏటా నిర్వహణ ఒప్పందం. వీటి మీద స్టిక్కరు అంటించే చోటు ఉండదు. మెంబ్రేన్ పాడైతే స్టిక్కరున్న యంత్రం గుడ్డ కప్పుకుని మూల కూర్చుంటుంది. అగనంపూడి క్యాన్సర్ ఆస్పత్రికి శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబానికి వారాల తరబడి గది అద్దె, తిండి, బస్సు ఛార్జీలు కూడా ఇలాంటి పేరు పడని ఖర్చులే.

అందుకే అనుభవం ఉన్న ట్రస్టులు కాజ్ మార్కెటింగ్‌ను తిరస్కరించకుండా ఒప్పందంలో కొన్ని మాటలు పట్టుబట్టి రాయించుకుంటాయి. అమ్మకాలతో పని లేకుండా కనీస మొత్తం ముందే జమ. అందులో కొంత భాగం ఏ ఖర్చుకైనా వాడుకునే స్వేచ్ఛ. లోగో పక్కనే, అదే సైజులో, ‘ఈ సరుకును ఆస్పత్రి పరీక్షించలేదు, సిఫారసు చేయడం లేదు’ అన్న వాక్యం. ప్రతి ప్రకటనా అచ్చుకు ముందు ట్రస్టు చూడాలి. కంపెనీ మీద ఆరోగ్యానికి సంబంధించిన కేసు వస్తే 30 రోజుల్లో పేరు వెనక్కి తీసుకోవచ్చు, అప్పటికే వచ్చిన డబ్బు తిరిగి ఇవ్వనక్కర్లేదు. బేరంలో కంపెనీలు ఎక్కువగా వెనకాడేది రెండింటి దగ్గర: సిఫారసు లేదన్న వాక్యం, పేరు వెనక్కి తీసుకునే హక్కు.